ఇంజను వేడెక్కినప్పుడు : పరీక్షకు కూడా కూలి ఉన్నది

ఎండలు ముదిరే రోజులలో సంఘ కార్యాలయాలకు చేరే ఫిర్యాదులలో ఇటీవల ఒక కొత్త పద్దు చేరింది. సెలవు మంజూరు కాలేదని, క్వార్టరు పైకప్పు కారుతున్నదని, రాత్రి డ్యూటీ భత్యం బకాయి పడిందని వ్రాసే సోదరులే ఇప్పుడు మరొక మాట కూడా వ్రాస్తున్నారు. కారు ఇంజను వేడెక్కుతున్నది, మూడు షెడ్లు తిరిగాము, వేలకు వేలు పోశాము, అయినా వేడెక్కుతూనే ఉన్నది అని. ఇది సంఘ పత్రికలో చర్చించదగిన విషయమేనా అని కొందరు మిత్రులు సందేహించారు. చర్చించదగినదేనని మా నిశ్చితాభిప్రాయం.

కారణం సులభంగా చెప్పవచ్చును. ఒకప్పుడు ప్రభుత్వోద్యోగికి మోటారు కారు అడ్వాన్సు అనే సదుపాయం ఉండేది. ఏడవ వేతన సంఘం సిఫార్సుల తరువాత అది రద్దయింది. నేడు మనవారు కొనే కారు, అది పాతదైనా కొత్తదైనా, బ్యాంకు అప్పు మీదనో సహకార పరపతి సంఘం అప్పు మీదనో వస్తున్నది. వాయిదా జీతంలో నుంచే పోతున్నది. 2025లో రైల్వే ఉద్యోగులకు ప్రకటించిన 78 రోజుల బోనసు గరిష్ఠంగా 17,951 రూపాయలు. సంవత్సరమంతా పనిచేసి సంపాదించిన ఆ మొత్తాన్ని, అనవసరంగా హెడ్డు దింపిన ఒక్క మరమ్మతు ఒక్క మధ్యాహ్నంలో మింగివేయగలదు. బోనసు కోసం పోరాడిన సంఘం, బోనసు పోయే దారిని గురించి మాట్లాడితే తప్పేమున్నది?

మరొక కారణం కూడా ఉన్నది. మనవి బదిలీ ఉద్యోగాలు. గుంతకల్లులో నమ్మకమైన మెకానిక్కును సంపాదించుకున్న సోదరుడు రెండేళ్ళకు ఖరగ్‌పూర్ చేరుతాడు, లేదా హుబ్బళ్ళి చేరుతాడు. అక్కడ భాష కొత్త, వీధులు కొత్త, షెడ్డు కొత్త. సొంత ఊరిలో స్థిరంగా ఉన్న వ్యాపారిని మోసగించడానికి సంకోచించేవాడు కూడా, రేపు బదిలీ అయి వెళ్ళిపోయే ఉద్యోగి విషయంలో అంతగా సంకోచించడు.

ఒక ఉదాహరణ చెప్పుతాము. పరభాషా రాష్ట్రంలో ఒక జంక్షనులో పనిచేస్తున్న సోదరుడొకరు గూడ్సు గార్డు. 2022లో గార్డులను ట్రెయిన్ మేనేజర్లు అన్నారు. పేరు మారింది గాని పని గంటలు మారలేదు. ఆయన పాత చిన్న కారు గేటు దగ్గర ఆగినప్పుడు, బజారులో నత్తనడక నడిచినప్పుడు వేడెక్కేది. హైవే మీదికి వెళ్ళగానే తగ్గేది. మొదటి షెడ్డువారు కూలెంటు మార్చారు. రెండవచోట థర్మోస్టాట్ వాల్వు తీసి పారవేసి, మన ఎండలకు అది అక్కరలేదు అన్నారు. మూడవచోట రేడియేటరే మార్చారు. నాల్గవచోట హెడ్ గ్యాస్కెట్ పోయిందని, హెడ్డు దింపి ఫేసింగ్ చేయించవలెనని, బండి నాలుగు రోజులు వదలి వెళ్ళమని చెప్పారు. ఆయన వదలి వెళ్ళలేదు; డ్యూటీకి పిలుపు వచ్చినందువల్ల మాత్రమే వదలలేదు. ఆ వారంలో పొరుగున ఉన్న విశ్రాంత డీజిల్ షెడ్డు ఫిట్టరు ఒకరు బానెట్ ఎత్తించి, ఇంజను నడిపించి, ఏసీ వేయించారు. చాలా చిన్న కార్లలో ఏసీ వేయగానే రేడియేటరు ఫ్యాను తిరగవలెను. తిరగలేదు. ఫ్యాను తీగను విప్పి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూశారు; చక్కగా తిరిగింది. అంటే మోటారు మంచిదే. ఫ్యూజు చూశారు, అదీ మంచిదే. పెట్టెలో హారనుకు వాడిన రిలే కూడా అదే నంబరు గలది. దానిని పీకి ఫ్యాను రిలే స్థానంలో గుచ్చారు. ఫ్యాను తిరిగింది. కొన్ని వందల రూపాయల రిలే అది. అంతకుముందు మార్చిన రేడియేటరులో ఏ లోపమూ లేదు.

ఈ వృత్తాంతంలో ఫిట్టరు గారి అసాధారణ ప్రతిభ ఏమీ లేదు. ఆయనే ఆ మాట ఒప్పుకుంటారు. ఆయన చేసిందల్లా ముందు ప్రశ్న వేసి, తరువాత చేయి పెట్టడం. నాలుగు షెడ్లలో ఒక్కరు కూడా ఆ సోదరుని “ఎప్పుడు వేడెక్కుతున్నది?” అని అడగలేదు. జ్వరంతో వచ్చిన రోగిని రాత్రి వస్తున్నదా పగలు వస్తున్నదా, చలితో వస్తున్నదా అని వైద్యుడు అడుగుతాడు గదా. ఇంజను విషయంలో కూడా సగం రోగనిర్ణయం ఆ ప్రశ్నలోనే ఉన్నది.

ఆగినప్పుడు వేడెక్కి పరుగులో చల్లబడితే గాలి లోపం. ఫ్యాను, దాని రిలే, ఫ్యూజు, తీగలు, వేడినిబట్టి దానిని నడిపే సెన్సారు చూడవలెను. పరుగులో గాలి తనంతట తానే రేడియేటరుకు తగులుతుంది గనుక అప్పుడు ఫ్యాను లోపం బయటపడదు. పాత అంబాసిడరులో ఫ్యాను ఇంజనుకు బెల్టుతో కట్టి ఉండేది, ఇంజను నెమ్మదిగా తిరిగితే ఫ్యానూ నెమ్మదిగానే తిరిగేది, కావున ఎండాకాలం బజారులో అది ఆవిరి కక్కడం అందరికీ అలవాటైన దృశ్యమే. మారుతి 800 మొదలు వచ్చిన చిన్న కార్లలో ఫ్యాను కరెంటుది. లోపం చోటు మారింది గాని కొందరు మెకానిక్కుల అలవాటు మారలేదు.

దీనికి వ్యతిరేకంగా, బజారులో బాగుండి హైవే మీద వేగం పెంచగానే వేడెక్కితే నీటి ప్రవాహంలో లోపం ఉన్నదని అనుమానించవలెను. రేడియేటరు గొట్టాలు పాచిపట్టి మూసుకొనిపోయి ఉండవచ్చును, వాటర్ పంపు రెక్కలు తినిపోయి ఉండవచ్చును, థర్మోస్టాట్ పూర్తిగా తెరచుకొనక పోవచ్చును, క్రింది హోస్ పైపు మెత్తబడి పంపు లాగినప్పుడు నొక్కుకొనిపోవచ్చును. ఈ చివరిది చిత్రమైనది. బండి ఆపి చూస్తే పైపు మామూలుగానే కనబడుతుంది, ఎవరైనా ఇంజను వేగం పెంచుతూ ఉండగా చూస్తేనే దొరుకుతుంది. తిరుమల ఘాటులోనో శ్రీశైలం ఘాటులోనో మాత్రమే వేడెక్కితే, బరువు మీద తన పని చేయలేని రేడియేటరును, జారుతున్న క్లచ్చును చూడవలెను. ఉదయం బయలుదేరిన కొద్ది నిమిషాలలోనే ముల్లు పైకి పోతూ, రేడియేటరుకు వెళ్ళే పై పైపు మాత్రం చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకొని ఇరుక్కున్నదని దాదాపుగా చెప్పవచ్చును. దానిని విప్పి ఒక గిన్నెలో నీళ్ళు కాచి వేస్తే అది తెరచుకుంటున్నదో లేదో కళ్ళెదుటనే తెలుస్తుంది. చాలా కార్లలో అది 80 డిగ్రీలు దాటిన తరువాత తెరచుకొనడం మొదలవుతుంది. పదిహేను నిమిషాల పరీక్ష.

ముల్లు కూడా అబద్ధమాడవచ్చునని గుర్తుంచుకోవలెను. నీరంతా కారిపోయినప్పుడు సెన్సారు చుట్టూ నీరే ఉండదు గనుక, ఇంజను కాలిపోతున్నా ముల్లు క్రిందనే ఉండవచ్చును. ఇటీవలి అనేక చిన్న కార్లలో ఆ ముల్లును కూడా తీసివేసి ఒక నీలి దీపం, ఒక ఎర్ర దీపం పెట్టారు. తయారీదారుకు మిగిలిన ఖర్చు ఎంతో గాని, యజమానికి మాత్రం ముందస్తు హెచ్చరిక పోయింది. ఎర్ర దీపం వెలిగేసరికి ఆలస్యమే అవుతుంది.

ఇక హెడ్ గ్యాస్కెట్ విషయం. ఇది మన సోదరులను ఎక్కువగా భయపెట్టే మాట గనుక కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. గ్యాస్కెట్ నిజంగానే పోవచ్చును. చాలా కార్ల హెడ్డు అల్యూమినియంతో చేసినది. అతిగా వేడెక్కితే వంకరపోతుంది. కాని గ్యాస్కెట్ పోయిందనడానికి సాక్ష్యాలు ఉండవలెను. బయట ఎక్కడా కారకుండా నీరు తగ్గిపోతున్నదా? పొగ గొట్టం నుంచి తెల్లని పొగ ఇంజను వేడెక్కిన తరువాత కూడా వస్తూనే ఉన్నదా? ఆయిలు మజ్జిగ కలిపినట్లు మారిందా? చల్లని ఇంజను స్టార్టు చేసిన కొద్దిసేపటికే పై పైపు రాయిలా బిగుసుకుంటున్నదా, రేడియేటరులో బుడగలు ఆగకుండా వస్తున్నాయా? ఇవి కంటితో చూసేవి. వీటిపైన పనిముట్ల పరీక్షలు ఉన్నవి. చేతిపంపుతో నీటి వ్యవస్థలోకి ఒత్తిడి ఎక్కించి, అది నిలుస్తున్నదో పడిపోతున్నదో చూడవచ్చును. ప్రతి సిలిండరు కంప్రెషను కొలవవచ్చును. రేడియేటరు మూతి దగ్గరి గాలిని ఒక నీలి ద్రవం గుండా పోనిస్తే, అందులో సిలిండరు పొగ కలిసి ఉంటే ద్రవం పసుపు రంగుకు మారుతుంది. ఇవేవీ చేయకుండా “హెడ్డు దింపవలసిందే” అనేవానికి బండి ఇవ్వరాదని మా సలహా. హెడ్డు దింపిన తరువాత కూడా, స్కేలు ఆనించి ఫీలర్ గేజితో వంకర ఎంతో కొలిచి చూపించమని అడగవలెను. చాలా చిన్న ఇంజన్లకు అనుమతించిన వంకర మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు మాత్రమే. కొలవకుండా ఫేసింగుకు పంపడం, కొలవకుండా ఫేసింగు అక్కరలేదనడం, రెండూ ఊహాగానాలే.

థర్మోస్టాట్ తీసివేయడం గురించి కూడా ఒక మాట. దేశమంతటా ఈ దురలవాటు ఉన్నది. తీసివేయగానే చాలాసార్లు ముల్లు దిగుతుంది, యజమాని సంతోషించి డబ్బిచ్చి వెళ్ళిపోతాడు. అసలు రోగం లోపల పెరుగుతూనే ఉంటుంది. పైగా ఇంజను ఎప్పుడూ తన తగిన వేడికి చేరదు, అది చల్లగా ఉన్నదనుకొని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. కొన్ని ఇంజన్లలో ఆ వాల్వే రేడియేటరును తప్పించి పోయే దారిని మూసేది. దానిని తీస్తే వేడినీరు రేడియేటరుకు పోకుండానే తిరిగివచ్చి వేడి ఇంకా పెరుగుతుంది. ఎండ ఎక్కువగా ఉన్న దేశానికి థర్మోస్టాట్ అక్కరలేదన్న మాట శాస్త్రం కాదు. కూలెంటుకు బదులు బోరునీరు పోయడం కూడా ఇటువంటిదే. బోరునీటిలోని సున్నం కాగే పాత్రకు పట్టినట్లే ఇంజను లోపల పడుతుంది.

ఇవన్నీ మన రైల్వే సోదరులకు కొత్త విషయాలు కావు. ఆవిరి ఇంజన్ల కాలంలో లోకో షెడ్లలో నీటిని మెత్తబరచే ప్లాంట్లు ఉండేవి. బాయిలరు నీటి మట్టం చూడడానికి డ్రైవరు ముందు ఒకటి కాదు, రెండు గాజు గొట్టాలు ఉండేవి. ఒకటి అబద్ధమాడితే రెండవది పట్టించవలెనని. నీరు తగ్గిపోతే ఫైర్‌బాక్సు కప్పులోని లెడ్ ప్లగ్గు కరిగి, ఆవిరి నిప్పు మీదికి దూకేది. బ్రాడ్‌గేజి మీద ఆవిరి 1995తో ముగిసింది గాని ఆ క్రమశిక్షణ ముగియలేదు. డీజిల్ ఇంజనులో నీరు తగ్గితే లో వాటర్ స్విచ్ ఇంజనును ఆపివేస్తుంది, మితిమీరి వేడెక్కితే హాట్ ఇంజన్ అలారం మోగుతుంది. షెడ్డు ప్రయోగశాలలో శీతలజలాన్నీ ఆయిలునూ పరీక్షిస్తారు. ఆయిలులో నీటి జాడ కనబడితే అది ఎక్కడి నుంచి వస్తున్నదో పరీక్షతో వెదకుతారు. సెక్షనులో ఇంజను మొరాయించినప్పుడు చూసుకొనడానికి లోకో పైలట్లకు ట్రబుల్ షూటింగ్ డైరెక్టరీ ఇస్తారు. ముందు ఇది చూడు, ఇది సరిగా ఉంటే తరువాత అది చూడు అనే వరుస అందులో ఉంటుంది. అట్లే తపాలా శాఖ మెయిల్ మోటార్ సర్వీసులో మెకానిక్కు, ఎలక్ట్రీషియను, వెల్డరు, టైరుమాను అని వేర్వేరు నిపుణ కార్మికుల పోస్టులు ఉన్నవి. ఎవరి పని ఏదో, ఎవరు దేనికి జవాబుదారో కాగితం మీద ఉంటుంది. డ్యూటీలో ఇంత పద్ధతి పాటించే మనమే, సొంత బండి విషయంలో తాళం చెవులు ఎవరి చేతిలోనో పెట్టి “ఎంతవుతుంది?” అని మాత్రమే అడిగి వస్తున్నాము.

మెకానిక్కులందరూ దొంగలే అనే మాటను మేము అంగీకరించము. శ్రామికుని గురించి శ్రామికుడు అనదగిన మాట కాదది. వీధి షెడ్డులో పానా పట్టిన మనిషిని ఒక్కసారి పరిశీలించి చూడండి. బడి మానివేసి పానాలు అందించే కుర్రవానిగా చేరి, గురువు తిట్లలో పని నేర్చుకున్నాడు. పదునాలుగేళ్ళు నిండనివానిని పనిలో పెట్టరాదని 2016 సవరణతో చట్టం స్పష్టంగానే చెప్పింది. అయినా ఎన్ని షెడ్లలో ఆ కుర్రవాడు ఇంకా కనబడుతున్నాడో మనకు తెలుసు. ఐటీఐలో మోటారు మెకానిక్కు ట్రేడు రెండేళ్ళ చదువు. ఆ రెండేళ్ళు ఆకలికి ఆగగలిగిన కుటుంబాలవారే దానిని పూర్తిచేయగలరు. ముగ్గురు నలుగురు పనిచేసే షెడ్డులో భవిష్యనిధి లేదు, ఉద్యోగుల బీమా లేదు, జీతంతో సెలవు లేదు. పెద్ద సర్వీసు కేంద్రాలకు వెళితే, యూనిఫారం వేసుకొని జాబ్ కార్డు వ్రాసే యువకుని నెత్తిన అనేక చోట్ల నెలవారీ అమ్మకాల లక్ష్యం ఉంటుంది. ఇంజను శుభ్రపరచే ద్రవమో మరొకటో ఇన్ని బండ్లకు అంటగట్టవలెనని పైనుంచి ఒత్తిడి. మనలో తపాలా సోదరులకు ఈ లక్ష్యాల సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఖాతాలు, బీమా పాలసీల లక్ష్యాలు వారికీ ఉన్నవి.

అసలు చిక్కు మరొకచోట ఉన్నది. మనము పరీక్షకు డబ్బివ్వము. విడిభాగానికి ఇస్తాము, దానిని బిగించినందుకు కొంత ఇస్తాము. ఒక మెకానిక్కు గంటసేపు శ్రమించి, పైపులు తడిమి, కరెంటు కొలిచి, చివరకు “రిలే పోయింది, ఇదిగో మార్చాను” అంటే మనమేమంటాము? ఇంత చిన్న పనికి ఇంత డబ్బా అంటాము. రేడియేటరు మార్చి పెద్ద బిల్లు ఇస్తే, బేరమాడినా చెల్లిస్తాము. ఎదుట ఒక వస్తువు కనబడుతున్నది గనుక. తెలివికి కూలి లేనప్పుడు ఆ కూలి విడిభాగం ధరలోకి దూరుతుంది. నిజాయితీగా గంటసేపు వెదకినవాడు నష్టపోతాడు, వెదకకుండా మార్చినవాడు లాభపడతాడు. ఇటువంటి ఏర్పాటును మనమే పోషిస్తూ, మెకానిక్కులు నమ్మదగినవారు కారని వాపోతున్నాము. నైపుణ్యానికి గ్రేడు కావాలని, స్కిల్డ్ కార్మికునికీ అన్‌స్కిల్డ్ కార్మికునికీ వేతన భేదం ఉండవలెనని దశాబ్దాలుగా వేతన సంఘాల ముందు వాదించిన మనకు ఈ విషయం అర్థం కానిది కాదు.

కావున మా మొదటి సూచన ఇది. షెడ్డుకు వెళ్ళగానే “బాగుచేయి” అనకండి. “ఎందుకు వేడెక్కుతున్నదో పరీక్షించి చెప్పు, పరీక్షకు కూలి వేరుగా ఇస్తాను, మరమ్మతు నీ దగ్గర చేయించినా చేయించకపోయినా ఇస్తాను” అనండి. ఆ మొత్తం ముందే మాట్లాడుకోండి. ఈ మాట వినగానే ముఖం చిట్లించేవాడు ఎవడో, కూర్చోమని స్టూలు లాగేవాడు ఎవడో మీకే తెలిసిపోతుంది. అతడు చేసిన పరీక్ష ఏమిటో, దానిలో ఏమి తేలిందో ఒక ముక్క కాగితం మీద వ్రాయించుకోండి. ఏ ఏ పరిస్థితులలో వేడెక్కుతున్నదో మీరు కూడా వ్రాసి ఇవ్వండి. నోటిమాట ఒక చెవి నుంచి మరొక చెవికి చేరేసరికి షెడ్డులో మరొక రోగమవుతుంది. మా అనుభవంలో ఈ ఒక్క పద్ధతి సగం వివాదాలను పుట్టకుండానే ఆపింది.

మరమ్మతు ఒప్పుకున్న తరువాత విడిభాగం ధర, కూలి వేర్వేరుగా ఎస్టిమేటు అడగవలెను. ఎస్టిమేటు దాటే పని ఏదైనా ముందు చెప్పి చేయవలెనని షరతు పెట్టవలెను. మార్చిన పాత భాగాన్ని తిరిగి ఇవ్వమనవలెను. ఇస్తే మంచిదే, ఇవ్వను అంటే కారణం చెప్పవలెను. కూలెంటు నింపిన తరువాత వ్యవస్థలో గాలి చిక్కుకొనిపోయి కొత్త వేడి పుట్టడం తరచు జరిగేదే. గాలి వదిలించారా, హీటరు వేస్తే వేడిగాలి వస్తున్నదా అని అక్కడే చూసుకోవలెను. బండి తీసుకొనేటప్పుడు షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిరిగితే చాలదు. ఆగినప్పుడు వేడెక్కే బండిని ఇరవై నిమిషాలు ఆపి నడిపి చూడవలెను. వేగంలో వేడెక్కేదానిని వేగంలోనే చూడవలెను.

బిల్లు తప్పక తీసుకోవలెను. బిల్లు లేకుండా అయితే తక్కువ అవుతుంది అనే ఆశ చివరకు మనలనే ముంచుతుంది. 1986 నాటి వినియోగదారుల చట్టం స్థానంలో 2020 నుంచి అమలులోనికి వచ్చిన 2019 చట్టం, బిల్లు ఇవ్వకపోవడాన్నే అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తున్నది. సేవలో లోపం జరిగితే రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషను ముందు ఫిర్యాదు చేయవచ్చును. ఐదు లక్షల రూపాయల లోపు చెల్లింపుల వ్యవహారానికి రుసుము లేదు. మన బదిలీ ఉద్యోగులకు ఉపయోగపడే నిబంధన ఒకటి ఇందులో ఉన్నది: ఫిర్యాదీ తాను నివసించే లేక పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. మరమ్మతు జరిగిన ఊరికి తిరిగి పోనక్కరలేదు. దానికి ముందు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ద్వారా ప్రయత్నించవచ్చును. వీధి షెడ్డు పేదవాని మీద చిన్న తగవుకు కమిషను గుమ్మం ఎక్కమని మేము చెప్పడం లేదు. లక్ష్యాలు పెట్టి అనవసరపు మరమ్మతులు అంటగట్టే పెద్ద సంస్థల విషయంలో మాత్రం వెనుదీయనక్కరలేదు.

ప్రాణానికి సంబంధించిన ఒక హెచ్చరిక ఇక్కడే చేర్చవలసి ఉన్నది. వేడి మీద రేడియేటరు మూత విప్పరాదు. మూత చాలా కార్లలో చదరపు సెంటీమీటరుకు సుమారు 0.9 నుంచి 1.1 కిలోల ఒత్తిడిని నిలుపుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీరు కూడా సుమారు 118 డిగ్రీల వరకు మరగకుండా ఉంటుంది. మూత విప్పిన క్షణాన ఒత్తిడి పడిపోయి నీరు ఒక్కసారి మరిగి ఆవిరితో కలిసి ముఖాన కొడుతుంది. ముల్లు పైకి పోతున్నప్పుడు ఏసీ ఆపి, హీటరు పూర్తిగా వేసి, ప్రక్కకు తీసి ఇంజను ఆపి, కనీసం అరగంట వేచి ఉండవలెను. ఇంజను ఆగినా కరెంటు ఫ్యాను హఠాత్తుగా తిరగవచ్చును గనుక చేయి దూరంగా ఉంచవలెను. వేడి ఇంజనులో చన్నీళ్ళు గుమ్మరించరాదు. రాత్రి డ్యూటీ ముగించి నిద్రమత్తులో ఇంటికి చేరే తొందరలో ఉన్న ఆర్.ఎం.ఎస్. సోదరులు, రన్నింగ్ సిబ్బంది ఈ అరగంట విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త వహించవలెను.

చివరి సూచన శాఖలకు. మన రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో, తపాలా ఉద్యోగుల సంఘ కార్యాలయాలలో విశ్రాంత ఫిట్టర్లు, మెయిల్ మోటార్ సర్వీసు నిపుణులు సాయంకాలం పేకాటలో కూర్చొని ఉంటారు. నెలకొక ఆదివారం ఉదయం రెండు గంటలు వారిని అడగండి. పానా పట్టనక్కరలేదు, బానెట్ ఎత్తి, నాలుగు ప్రశ్నలు వేసి, ఏ పరీక్ష చేయించవలెనో చెప్పితే చాలును. వారికి కూడా కూలి ఇవ్వండి. డ్యూటీలో ఉన్న సోదరుని మాత్రం షెడ్డు పనిముట్లతో సొంత కార్లు చూడమని అడగకండి. అది అతని మెడకు చార్జిషీటు తగిలిస్తుంది, పాత పరిచయం ఆ రోజున అక్కరకు రాదు.

ప్రతి శాఖలో ఒక రిజిస్టరు కూడా తెరవవచ్చును. అందులో మెకానిక్కు మంచివాడా చెడ్డవాడా అని వ్రాయడానికి గడి పెట్టవద్దు. అలిగినవాని కోపం ఒకటి, బంధువుకు సిఫార్సు ఒకటి అందులో చేరుతాయి. తేదీ, బండి పేరు, ఏ పరిస్థితులలో వేడెక్కింది, ఏ పరీక్ష చేశారు, పరీక్షకు ఇచ్చిన కూలి, మార్చిన భాగం, దాని ధర, నెల తరువాత బండి పరిస్థితి. ఈ ఎనిమిది గడులు చాలును. కొత్తగా బదిలీపై వచ్చిన సోదరుడు గాని సోదరీమణి గాని అడగకముందే ఆ రిజిస్టరును వారి ముందు పెట్టండి. వచ్చే మార్చి నాటికి కొన్ని శాఖలైనా ఈ పని మొదలుపెట్టి, నిండిన పుటల నకళ్ళను ఈ పత్రికకు పంపవలసిందిగా కోరుతున్నాము.